కుక్క మలంలో ‘ఈ-కోలి’ ఉందంటే యాంటీబయాటిక్ వేయాల్సిందేనా?

ప్రశ్న: మా లాబ్రడార్‌కు మూడేళ్లు. నాలుగు రోజులుగా పలచగా, జిగురుతో విరేచనాలు అవుతున్నాయి. తిండి తింటోంది, హుషారుగానే ఉంది. మలం పరీక్షలో ఈ-కోలి పెరిగిందని రాశారు. పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు వేయొచ్చా? ఇంట్లో రెండేళ్ల పాప ఉంది, టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఆ మాత్రలు వేయకండి. ఈ-కోలి అనే బ్యాక్టీరియా ఆరోగ్యంగా ఉన్న కుక్క పేగుల్లోనూ ఉంటుంది. కల్చర్‌లో, అంటే ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్షలో, అది పెరిగినంత మాత్రాన విరేచనాలకు అదే కారణమని చెప్పలేం.

అసలు చూడాల్సింది ఆ బ్యాక్టీరియా దగ్గర ఏ ఆయుధాలున్నాయన్నది. కొన్ని ఈ-కోలి రకాల్లో ఇంటిమిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. దాంతో అవి పేగు గోడకు గట్టిగా అతుక్కుని, అక్కడి నూగులాంటి పొరను చెరిపేస్తాయి. ఆ పొరే ఆహారాన్ని పీల్చుకునేది. మరికొన్ని రకాల విషం వల్ల పేగు కణాలు నీటిని బయటికి వదిలేస్తాయి. ఈ ఆయుధాలను తయారుచేసే జన్యువులను పీసీఆర్ అనే జన్యు పరీక్షలో పట్టుకోవచ్చు, మామూలు కల్చర్‌లో తెలియవు. ఇంకో చిక్కేమిటంటే, ఈ జన్యువులున్న ఈ-కోలి ఏ జబ్బూ లేని కుక్కల్లోనూ అప్పుడప్పుడు కనిపిస్తుంది. క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్ అనే మరో పేగు బ్యాక్టీరియా విషయమూ అంతే. దానిలో నెట్‌ఎఫ్ అనే విషాన్ని తయారుచేసే రకానికి మాత్రం రక్త విరేచనాలతో గట్టి సంబంధం ఉంది. అందుకే నేను రిపోర్టు కన్నా ముందు కుక్కను చూస్తాను.

అనవసరంగా యాంటీబయాటిక్ పడితే మంచి బ్యాక్టీరియా కూడా చస్తుంది. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ వాడాక పేగులు కుదుటపడటానికి వారాలు పట్టొచ్చు. పైగా మందుకు లొంగని రకాలు మిగిలిపోయి, ఇంట్లో మనుషులకూ చేరే వీలుంది.

ప్రస్తుతానికి కొవ్వు తక్కువగా, తేలిగ్గా అరిగే ఆహారాన్ని కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టండి. నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. పెదవి పైకెత్తి చిగురు తాకి చూడండి: తడిగా, గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపే రంగు తిరిగి రావాలి. చిగురు జిగటగా ఉన్నా, పాలిపోయినా ఒంట్లో నీరు తగ్గిందేమోనని అనుమానించాలి. జిగురు పడుతోందంటే పెద్దపేగులో వాపు ఉండొచ్చు కాబట్టి నులిపురుగులకు, జియార్డియా అనే కంటికి కనబడని పేగు పరాన్నజీవికి కూడా పరీక్ష చేయించండి. జియార్డియా ప్రతిసారీ మలంలో కనబడదు, మూడు రోజుల నమూనాలు ఇస్తే మంచిది.

రక్తం పడినా, పదేపదే వాంతులైనా, నీళ్లు ముట్టకపోయినా, చిగుళ్లు పాలిపోయినా, నీరసంగా పడుకున్నా అదే రోజు పశువైద్యుడికి చూపించండి. విరేచనాలు ఆగడానికి మనుషులు వేసుకునే లోపెరమైడ్ మాత్రను కుక్కకు సొంతంగా వేయొద్దు.

పాప విషయంలో మీ భయం అర్థం చేసుకోగలను. సాల్మొనెల్లా, క్యాంపైలోబ్యాక్టర్ లాంటి బ్యాక్టీరియాలు కుక్క నుంచి పిల్లలకు రాగలవు. విరేచనాలు తగ్గేదాకా పాప ముఖం నాకనివ్వకండి, మలాన్ని వెంటనే తీసేసి సబ్బుతో చేతులు కడుక్కోండి, కుక్కకు పచ్చి మాంసం పెట్టకండి. పాపకూ విరేచనాలు మొదలైతే, ఇంట్లో కుక్కకు బాగోలేదన్న సంగతి పిల్లల డాక్టరుకు తప్పకుండా చెప్పండి.