తూర్పు నౌకాదళ స్థావరం వల్ల ఆంధ్రప్రదేశ్‌కు దక్కుతున్నది ఏమిటి?

విశాఖపట్నంలో తూర్పు నౌకాదళ ప్రధాన స్థావరం ఉండటం వల్ల రాష్ట్రానికి ఆర్థికంగా ఎంత మేలు జరుగుతోందని తరచూ అడుగుతుంటారు. వేలమంది నావికుల జీతాలు మన ఊళ్లోనే ఖర్చవుతున్నాయి కనుక రాష్ట్రానికి గొప్ప లాభమని చాలామంది చెబుతారు. గాజువాక ఆటోనగర్‌లో చిన్న లేత్ వర్క్‌షాపు నడుపుతూ, ఓడల మరమ్మతు పనుల మీదనే ఇన్నేళ్లుగా ఆధారపడి బతుకుతున్నవాడిగా ఆ లెక్కను నేను ఒప్పుకోలేను. ఓడ రీఫిట్‌కు, అంటే పూర్తి మరమ్మతుకు వచ్చి, నీరు తోడేసి ఓడను పొడిగా నిలబెట్టే డ్రైడాక్ ఎక్కినప్పుడే అసలు లాభం మొదలవుతుంది. ఆ పని ఎవరి చేతికి వెళుతోందన్నదే రాష్ట్రం పట్టించుకోవలసిన విషయం.

జీతాల సంగతి ముందుగా చూద్దాం. నావికుడు కట్టే ఆదాయపు పన్ను కేంద్రానికి చేరుతుంది. కేంద్రం పన్నుల నుంచి రాష్ట్రాలకు పంచే మొత్తంలో ఆంధ్రప్రదేశ్‌కు 2021–26 కాలానికి పదిహేనవ ఆర్థిక సంఘం నిర్ణయించిన వాటా 4.047 శాతం; ఆ నావికుడు విశాఖలో ఉన్నా, కొచ్చిలో ఉన్నా అది మారదు. ఇంటికి కావలసిన సరుకుల్లో చాలావాటిని ఆ కుటుంబాలు సైనికుల కోసం నడిపే సీఎస్‌డీ క్యాంటీన్‌లో కొంటాయి, ఆ సరుకుపై కట్టిన జీఎస్టీలో సగం వాపసు ఇస్తారు. కేంద్రప్రభుత్వ ఆస్తులపై రాష్ట్రం పన్ను వేయరాదని రాజ్యాంగంలోని 285వ అధికరణం చెబుతున్నందువల్ల, నగరంలో అంత విస్తారమైన నౌకాదళ భూములూ భవనాలూ ఉన్నా నగరపాలక సంస్థకు వాటి నుంచి మామూలు ఆస్తిపన్ను రాదు. దేశాన్ని కాపాడేవారికి ఈ సదుపాయాలు ఇవ్వడం పూర్తిగా న్యాయం, దానిపై నాకు ఎలాంటి అభ్యంతరమూ లేదు. అయితే ఖజానాకు వచ్చేదాన్ని అంచనా వేసేటప్పుడు వీటిని తీసివేయకుండా లెక్క చెప్పడం సరికాదు. మల్కాపురం, సింధియా, శ్రీహరిపురం ప్రాంతాల్లోని అద్దె ఇళ్లకూ, కూరగాయల బజార్లకూ, బడులకూ స్థావరం వల్ల నిలకడైన గిరాకీ ఉందన్న మాట మాత్రం నిజం. 2020 లాక్‌డౌన్‌లో మా చుట్టుపక్కల కిరాణా దుకాణాల ఖాతాలు ఆగిపోకుండా నడిచాయంటే, నెల జీతం తప్పకుండా వచ్చే ఇళ్లు ఆ వీధుల్లో ఉండటమే కారణం.

జీతం కన్నా విలువైనది పనితనం. 1941లో సింధియా అనే ఓడల సంస్థ ఇక్కడ నౌకా నిర్మాణ కేంద్రానికి పునాది వేసింది, 1948లో ఇక్కడ కట్టిన ‘జల ఉష’ ఓడ నెహ్రూ చేతుల మీదుగా నీటిలోకి దిగింది, 1968లో తూర్పు నౌకాదళ ప్రధాన కార్యాలయం ఏర్పడింది, 2009లో అణు జలాంతర్గామి అరిహంత్ ఇక్కడే జలప్రవేశం చేసింది. ఇన్ని దశాబ్దాలలో ఓడలను మరమ్మతు చేసే డాక్‌యార్డులోనూ, కట్టే షిప్‌యార్డులోనూ అప్రెంటిస్‌లుగా చేరి పని నేర్చుకున్న ఫిట్టర్లు, వెల్డర్లు, టర్నర్లు, పైపు పనివాళ్లు ఈ నగరమంతటా ఉన్నారు. రిటైరయ్యాక వాళ్లలో కొందరు మావంటి చిన్న షాపుల్లోకి వచ్చి కుర్రవాళ్లకు పని నేర్పుతున్నారు. ఈ సంపద ఏ బడ్జెట్ పత్రంలోనూ కనిపించదు.

ఒక్క పని గురించి వివరంగా చెబితే నా మాట అర్థమవుతుంది. కొన్నేళ్ల కిందట, రీఫిట్‌లో ఉన్న ఒక ఓడ నుంచి సముద్రపు నీటి లైనులోని గన్‌మెటల్ (రాగి మిశ్రమ లోహం) వాల్వ్ బాడీ ఒకటి మా దగ్గరకు వచ్చింది. ఉప్పునీరు లోపలి గోడను తినేసి కొన్నిచోట్ల రేకులా పలచబరిచింది. అది విదేశీ తయారీ, డ్రాయింగ్ లేదు, స్పేర్ తెప్పించాలంటే నెలలు పడుతుందన్నారు. డాక్‌యార్డులో టర్నర్‌గా రిటైరై మా షాపులో పనిచేస్తున్న పెద్దాయన ఒకరు ఉండేవారు, మేమందరం ఆయనను మాస్టారనే పిలిచేవాళ్లం. ఆయన ఆ ముక్కను శుభ్రంగా కడిగించి, నీరు కారకుండా అతుకు మధ్య పెట్టే గాస్కెట్ కింద దాగి అరుగుదల తగలని అంచులను వెతికి పట్టుకుని, అక్కడి మందాన్ని బట్టి మొదటి కొలతలన్నీ కాగితం మీద గీశారు. పోత చల్లారేటప్పుడు లోహం కుంచించుకుపోతుంది కనుక, చెక్క నమూనాను ఎంత పెద్దదిగా చెయ్యాలో వడ్రంగి పక్కన కూర్చుని చెప్పి చేయించారు.

ఫౌండ్రీ నుంచి మొదటి పోత వచ్చింది, లేత్ మీద మలిచాము, అన్ని కొలతలూ సరిపోయాయి. ప్రెషర్ టెస్టుకు పెట్టిన కొద్దిసేపటికి ఫ్లాంజి (పైపుకు బోల్టులతో బిగించే అంచు) మెడ దగ్గర లోహం సన్నగా చెమర్చింది. చుక్క కూడా రాలడం లేదు, కేవలం తడి కనిపిస్తోంది. పైన వెల్డింగ్ పెట్టి పంపితే సరిపోతుందని అక్కడున్న ఒకరు సలహా ఇచ్చారు. మాస్టారు ఆ తడిని వేలితో తుడిచి, మళ్లీ తేలేవరకు చూసి, “ఇక్కడ చెమ్మ అయితే సముద్రంలో వరద, బాబూ. పగలగొట్టించి మళ్లీ పోయిద్దాం” అన్నారు. ఆ నష్టం మా మీదే పడినా రెండో పోత పోయించాము. అది ప్రెషర్‌కు నిలిచింది, తనిఖీకి వచ్చిన ఇంజినీరు ఆమోదముద్ర వేశారు.

ఆ ఒక్క వాల్వ్ మీద నమూనా చేసిన వడ్రంగికి, ఫౌండ్రీలోని పోతపనివాళ్లకు, మా టర్నర్లకు, ముక్కలను అటూ ఇటూ చేరవేసిన ఆటో డ్రైవరుకు కూలి ముట్టింది. వాళ్లందరూ ఈ జిల్లాలోనే ఖర్చుపెట్టుకునేవాళ్లు. మా షాపులో నేర్చుకున్న కుర్రవాడొకడు గల్ఫ్ ప్రయాణం మానుకుని ఇక్కడే స్థిరపడ్డాడు. అయినా ఆ కాంట్రాక్టు మాది కాదు. దాన్ని వేరే రాష్ట్రంలో ప్రధాన కార్యాలయం ఉన్న ఒక పెద్ద సంస్థ తీసుకుని, కొంత భాగం మరొకరికి ఇవ్వగా, వారి నుంచి మాకు వచ్చింది. పని మా చేతుల్లో పూర్తయినా లాభంలో పెద్ద భాగం రాష్ట్రం దాటి వెళ్లింది, మా బిల్లు మాత్రం నెలల తరబడి ఆగింది. చిన్న సంస్థలకు 45 రోజుల లోపు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం చెబుతోంది. కేంద్ర ప్రభుత్వ శాఖల కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచే జరగాలన్న నియమం కూడా ఉంది. కానీ కొన్నేళ్ల టర్నోవరు, పెద్ద మొత్తంలో ధరావతు అడిగే టెండర్లలో మావంటివాళ్లం నేరుగా నిలబడలేము, కింది మెట్టు మీద ఉండి ఫిర్యాదు చేస్తే మరుసటి పని రాదన్న భయం ఎప్పుడూ ఉంటుంది.

లాభం పక్కన నష్టాన్ని కూడా రాయాలి, ఆ పని ఎవరూ చేయడం లేదు. విశాఖ విమానాశ్రయం రన్‌వే నౌకాదళ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగాది కావడంతో, పౌర విమానాల వేళలు నౌకాదళ అవసరాలకు లోబడి ఉండవలసి వచ్చింది. భోగాపురంలో కొత్త విమానాశ్రయం కావాలని రాష్ట్రం అంతగా పట్టుబట్టడానికి అదొక ముఖ్యమైన కారణం. అనకాపల్లి జిల్లా రాంబిల్లి తీరంలో ఐఎన్ఎస్ వర్ష పేరుతో మరో స్థావరం కడుతున్నప్పుడు మత్స్యకారుల ఊళ్లు కదలవలసి వచ్చింది, తరతరాలుగా వేటకు వెళ్లిన నీళ్లు వాళ్లకు దూరమయ్యాయి. వలలకూ పడవలకూ నష్టపరిహారం లెక్క కట్టవచ్చు గాని, వేట తప్ప మరో పని తెలియని నలభై ఏళ్ల మనిషికి ఏ ఉపాధి చూపిస్తారన్న ప్రశ్నకు సమాధానం ఇంకా కావాలి.

అందుకే రాష్ట్ర ప్రభుత్వం స్థావరాన్ని గర్వకారణంగా చెప్పుకోవడంతో ఆగకుండా, అక్కడి పనిలో స్థానిక వాటాను గట్టిగా అడగాలి. రీఫిట్ కాంట్రాక్టు తీసుకున్న పెద్ద సంస్థ ఏ పనిని ఏ స్థానిక షాపుకు ఇచ్చిందో, ఎన్ని రోజుల్లో చెల్లించిందో జిల్లా పరిశ్రమల కేంద్రం దగ్గర నమోదు కావాలి. చిన్న షాపులు నాలుగైదు కలిసి ఒక్క టెండరు వేసుకునే వీలు కల్పించాలి. అనకాపల్లి జిల్లాలోని ఐటీఐలలో ఓడల పైపు పనికి, పంపుల మరమ్మతుకు, రాగి మిశ్రమ లోహాల వెల్డింగ్‌కు ప్రత్యేక శిక్షణ పెట్టి, డాక్‌యార్డులో రిటైరైన పనివాళ్లనే అక్కడ బోధకులుగా నియమించాలి. ఆ తరగతుల్లో మొదటి సీట్లు రాంబిల్లి తీరంలో ఇళ్లు వదులుకున్న కుటుంబాల పిల్లలకు ఇవ్వాలి.