బోనస్ కిలోకా, ఎకరానికా?

ప్రశ్న: మాది పసుపు పొడి వ్యాపారం. దుగ్గిరాల చుట్టుపక్కల 12 మంది రైతుల దగ్గర సరుకు కొంటాం. నేల గట్టిబడుతోందని, ఎరువుల ఖర్చు పెరుగుతోందని అంటున్నారు. నేలను బాగుచేసే సాగుకు మారితే కిలోకు 10 రూపాయలు ఎక్కువిస్తామన్నాం. ఇద్దరే ముందుకొచ్చారు. పొరపాటెక్కడ?

జవాబు: కిలో లెక్కలోనే ఉంది. ఎకరాకు 20 క్వింటాళ్ల ఎండు పసుపు తీసే రైతుకు మీ బోనస్ 20,000. మారిన ఏడాది దిగుబడి 15కు పడిందనుకోండి, బోనస్ కూడా 15,000కు పడుతుంది. పోయిన 5 క్వింటాళ్ల డబ్బు ఎటూ పోయింది. అంటే దెబ్బతిన్నవాడికే తక్కువ ముట్టజెబుతున్నారు. ఎకరానికి ఇంతని కట్టండి: పచ్చిరొట్ట (ఎరువు కోసమే పెంచి నేలలో కలిపే పైరు) కలియదున్నిన రోజు సగం, దుంప తవ్వాక సగం. నాలుగెకరాల రైతును ముందు ఒక్క ఎకరమే మార్చమని అడగండి. ఒప్పందం 3 ఏళ్లకు రాసుకోండి. అదే నేలలో ఏటా పసుపు వేయరు కాబట్టి, మధ్యలో వేసే పంటకూ బోనస్ వర్తించాలి.

కౌలు చేసేవాళ్లెవరో ముందే తేల్చుకోండి. కౌలు రైతుకిచ్చే సాగుదారు హక్కు పత్రం గడువే 11 నెలలు. వచ్చే ఏడాది తనది కాని నేలకు ఎవరు ఖర్చు పెడతారు? భూ యజమానినీ ఒప్పందంలో కూర్చోబెట్టాలి.

నీటి వసతి ఉంటే ఏప్రిల్‌లో ఎకరాకు 12 కిలోల జీలుగ (పచ్చిరొట్ట పైరు) విత్తనం చల్లించి, పూత మొదలవగానే, అంటే 45–50 రోజులకు, కలియదున్నించండి. ఆలస్యమైతే కాండం పీచుబారి త్వరగా చివకదు. దున్నాక 15 రోజులైనా ఆగాలి. తొందరపడితే కుళ్లే రొట్ట వేడికి విత్తన దుంప పాడవుతుంది.

మొదలుపెట్టే ముందే మట్టి పరీక్ష చేయించండి. ఎకరంలో 8–10 చోట్ల 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, పక్క నుంచి పైనుంచి కిందిదాకా సమానంగా ఒక పొర చెక్కి, అన్నీ కలిపి అరకిలో పంపితే చాలు. గట్టు పక్కన, పెంటకుప్ప పోసిన చోట తీయొద్దు. సేంద్రియ కర్బనం (కుళ్లిన ఆకూ అలమూ వల్ల నేలలో చేరేది) 0.5 శాతం లోపుంటే తక్కువని లెక్క. ఏటా అదే నెలలో, అదే ల్యాబ్‌లో చూపించండి. మొదటి ఏడాది అంకె కదల్లేదని మాత్రం బోనస్ ఆపకండి, కర్బనం మెల్లగా పెరుగుతుంది.

ప్రశ్న: ఈ ఏడాది ప్యాకెట్ మీద ‘ఆర్గానిక్’ అని వేయొచ్చా?

జవాబు: కుదరదు. దానికి ఎన్‌పీఓపీ (బయటి సంస్థ తనిఖీ చేసి ఇచ్చేది) లేదా పీజీఎస్ (రైతు బృందాలు ఒకరినొకరు చూసుకుని ఇచ్చేది) ధ్రువీకరణ ఉండాలి. రసాయనాలు మాని సేంద్రియానికి మారే గడువు పూర్తయి, ఆ ధ్రువీకరణ వచ్చేదాకా మామూలు పసుపుగానే అమ్మండి.