ఆగిపోయిన బ్యాండ్ పాటలన్నీ ఒక ఆల్బమ్‌లో తేవాలంటే

అల్లుడూ,

మీ బ్యాండ్ ఆగిపోయినా పాటలన్నీ ఒకచోట చేర్చి తేవాలని మీరు అనుకోవడం బాగుంది. అమెరికాలో మేరీల్యాండ్‌కు చెందిన బ్లాక్ టాంబరిన్ 1989 నుంచి 1991 దాకానే నడిచింది, పూర్తి ఆల్బమ్ ఒక్కటీ చేయలేదు. అక్కడా ఇక్కడా ఉన్న పది పాటల్ని 1999లో స్లంబర్‌ల్యాండ్ లేబుల్ ఒక డిస్కుగా తెచ్చింది. 2010లో అదే సంకలనం పదహారు పాటలతో మళ్లీ వచ్చింది. కాబట్టి మొదటిసారే అన్నీ కుక్కేయాలని తొందరపడకు.

పాటల ఎంపిక తర్వాత. ముందు మూలాలు, అంటే అసలు రికార్డింగులు, వెతకాలి. ఇలాంటి ఆల్బమ్‌లు చాలావరకు చెడేది ఇక్కడే: చేతికందిన ఎంపీత్రీలు (శబ్దంలో కొంత వదిలేసి కుదించిన ఫైళ్లు) తీసుకుని మాస్టరింగ్‌కి, అంటే విడుదలకు ముందు శబ్దాన్ని చివరిసారి సరిదిద్దే పనికి, పంపేస్తారు. ఎక్సెల్‌లో ఒక్కో రికార్డింగ్‌కు ఒక్కో వరుస రాయి: పాట, రికార్డు చేసిన నెల, చోటు, ఎవరెవరు వాయించారు, ఫైలు ఏ రూపంలో ఉంది, ఎవరి దగ్గర ఉంది. ఒకే పాటకు డెమో, స్టూడియో, లైవ్ ఉంటే మూడు వరుసలు వేయి.

పాత హార్డ్ డిస్క్ దొరగ్గానే ప్రాజెక్టు (ఒక్కో వాయిద్యం విడివిడిగా ఉండే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఫైలు) తెరవడానికి చెయ్యి దురద పెడుతుంది. ఆగు. మొత్తాన్ని రెండు వేరే డిస్కుల మీదికి కాపీ చేసి, కాపీనే తెరువు. తెరిచినా అప్పుడు వాడిన ప్లగిన్లు (శబ్దాన్ని మార్చే చిన్న ప్రోగ్రాములు) సగం ఉండవు, ఆనాటి మిక్స్ అలాగే రాదు. అందుకే అదే ఫోల్డర్‌లో మాస్టరింగ్‌కు ముందటి స్టీరియో వేవ్ ఫైలు (కుదించని పూర్తి శబ్దం) ఉందేమో చూడు. అది దొరికితే ప్రాజెక్టు జోలికే పోనక్కర్లేదు. ఇంకో ప్రమాదం శాంపిల్ రేటు, అంటే సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలిచి దాచారన్న లెక్క. 44,100 హెర్ట్జ్‌లో రికార్డయిన పాట 48,000 సెట్టింగ్‌లో మోగితే వేగం దాదాపు తొమ్మిది శాతం పెరుగుతుంది, శ్రుతి ఒకటిన్నర సెమిటోన్ పైకి పోతుంది. గొంతు పీలగా అనిపిస్తే గిటార్ తీసుకుని ఆ పాట కార్డ్స్ వాయించి సరిచూడు.

ఇంట్లో రాసిన సీడీలుంటే తప్పుల్ని పట్టుకునే సాఫ్ట్‌వేర్‌తో తక్కువ వేగంలో కంప్యూటర్‌లోకి రిప్ చెయ్యి. ఒక డ్రైవ్ చదవలేని డిస్కును ఇంకో డ్రైవ్ చదవొచ్చు. క్యాసెట్ అయితే హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మోనోలో వింటూ హెడ్ పక్కనున్న చిన్న స్క్రూని డ్రమ్స్‌లోని సింబల్స్ (లోహపు తాళాలు) మోత అన్నిటికంటే స్పష్టంగా వినిపించేదాకా తిప్పు. డాల్బీ (టేపు బుస తగ్గించే పద్ధతి) పెట్టి రికార్డు చేస్తేనే డాల్బీ పెట్టి ప్లే చెయ్యి. క్యాసెట్‌ను 24 బిట్‌లో తీసుకుని, ఏ మార్పూ చేయని ఆ ఫైలు ఒకటి విడిగా దాచు.

ఎంపీత్రీ తప్ప ఏదీ మిగలని పాటలూ ఉంటాయి. 128 కేబీపీఎస్ (సెకనుకు 128 కిలోబిట్ల) ఫైలును స్పెక్ట్రమ్‌లో, అంటే ఏ ఎత్తు శబ్దం ఎంతుందో చూపే బొమ్మలో, చూస్తే సుమారు 16 కిలోహెర్ట్జ్ దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోతుంది. దాన్ని వేవ్‌గా మార్చినంత మాత్రాన పోయింది తిరిగి రాదు. అప్పుడు డ్రమ్మర్ పాత ఈమెయిళ్లు, స్టూడియో వాళ్ల బ్యాకప్, మీ ఫ్లయర్లు చేసిన స్నేహితుడి ల్యాప్‌టాప్, అన్నీ అడిగి చూడు. ఎక్కడా లేకపోతే ఎంపీత్రీనే వాడు, బుక్‌లెట్‌లో ఆ మాట రాయి.

ఇక ఎంపిక. కవర్ మీద 'సంపూర్ణం' అని వేస్తే విడుదలైన ప్రతి పాటా ఉండాల్సిందే, ఇప్పుడు సిగ్గనిపించే మొదటి సింగిల్‌తో సహా. ఆ మాట వేయకపోతే నీ ఇష్టం. వరుస విషయంలో రెండు దారులున్నాయి. మైనర్ థ్రెట్ అనే అమెరికన్ బ్యాండ్ 1989 సంకలనం కాలక్రమంలో సాగుతుంది, బ్యాండ్ ఎదిగిన తీరు తెలుస్తుంది. ఆపరేషన్ ఐవీ అనే ఇంకో అమెరికన్ బ్యాండ్ 1991 డిస్కులో ఆల్బమ్ పాటలు ముందు, అంతకుముందటి ఈపీ (కొద్ది పాటల చిన్న రికార్డు) పాటలు తర్వాత ఉంటాయి. మీ తొలి డెమోలు చప్పగా ఉన్నాయని నువ్వే అన్నావు కాబట్టి రెండోదే మేలు. బలమైన స్టూడియో పాటలు ముందుంచి, డెమోలు, లైవ్ చివర పెట్టు. డెమోను రెండు స్టూడియో పాటల మధ్య ఇరికిస్తే స్పీకర్ చెడిపోయిందేమోనని వినేవాడు ప్లేయర్ వైపు చూస్తాడు.

మాస్టరింగ్ చేసే మనిషికి ఒకటే చెప్పు: పాడే గొంతు అన్ని పాటల్లోనూ ఒకే స్థాయిలో వినిపించాలి, పాట మొత్తం లౌడ్‌నెస్ (వినిపించే గట్టిదనం) సమం కానక్కర్లేదు. నెమ్మది పాట నెమ్మదిగానే ఉండనీ. పీక్ (శబ్దం అన్నిటికంటే పైకి లేచే చోటు) మైనస్ 1 డీబీ దాటకూడదు. స్పాటిఫై మామూలుగా మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కి (లౌడ్‌నెస్ కొలత) దించి వినిపిస్తుంది కనుక అంతకంటే బాదినా లాభం లేదు. తప్పిన డ్రమ్ దెబ్బల్ని గ్రిడ్ (సాఫ్ట్‌వేర్‌లోని తాళం గీతలు) మీదికి లాగమని మాత్రం అడక్కు, అది మీ బ్యాండ్ ఆనవాలు.

వినైల్ కావాలంటే ఒక్కో వైపు 20 నిమిషాల దగ్గర ఆపు. నిమిషాలు పెరిగేకొద్దీ డిస్కు మీద గీతల్ని శబ్దం తగ్గించి కోయాలి. లోపలి గీతల్లో 'స', 'ష' అక్షరాలు చిరుగుతాయి కాబట్టి గోల పాటలు వైపు మొదట్లోనే రావాలి. టెస్ట్ ప్రెస్సింగ్‌లో (ముందుగా పరీక్షకు ముద్రించే కొన్ని ప్రతుల్లో) ఒక చిటపట అన్ని ప్రతుల్లోనూ ఒకే చోట వస్తే లోపం గీతలు కోసిన కటింగ్‌లోనో డిస్కుల్ని ముద్రించే అచ్చు స్టాంపర్‌లోనో ఉంది, ఆమోదిస్తూ సంతకం పెట్టకు. ఒక్క ప్రతిలోనే వస్తే లోపం ఆ ప్రతిదే.

కాగితం పని ఇవన్నీ మొదలవకముందే. మన 1957 కాపీరైట్ చట్టం రికార్డింగ్ హక్కును దాన్ని చేయించడానికి పూనుకుని బాధ్యత వహించిన నిర్మాతకిస్తుంది. బాణీ, సాహిత్యం హక్కులు వేరు. స్టూడియో ఖర్చు ఎవరు పెట్టారో, ఎవరు చేయించారో పాటకో వరుస చొప్పున రాయి. బ్యాండ్‌లోని మీ నలుగురూ సంతకం పెట్టే ఒక పేజీలో వాటా ఎంత, సినిమా వాళ్లడిగితే సరే అనేదెవరు, ఇంకోసారి ముద్రించాలంటే ఎవరినడగాలి అన్నవి తేల్చుకోండి. మధ్యలో మానేసిన పాత బేసిస్ట్‌ను మరిచిపోవద్దు, అతను వాయించిన పాటలు డిస్కులో ఉన్నాయిగా. ఇదివరకే ఆన్‌లైన్‌లో ఉన్న రికార్డింగ్‌నే మళ్లీ ఎక్కిస్తుంటే పాత ఐఎస్‌ఆర్‌సీ నంబరే (ఒక్కో రికార్డింగ్‌కు ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఇవ్వు. వేరేవాళ్ల పాటలు మీరు వాయించిన కవర్లు ఈసారికి వదిలెయ్.

ఎక్సెల్ షీట్ తయారయ్యాక పంపు, వరుస నేనూ చూస్తాను.

మీ మామయ్య