చెత్తను కాల్చి కరెంటు తీసే ప్లాంట్లు పేద దేశాల్లో ఎందుకు సరిగ్గా నడవవు?

అక్కడి చెత్తలో తడి మరీ ఎక్కువ, అందుకే అది తనంతట తాను మండదు.

ఇంధనం కలపకుండా మంట నిలవాలంటే కిలో చెత్త నుంచి సగటున 7 మెగాజౌళ్ల వేడి రావాలి. సంపన్న దేశాల చెత్తలో ఆహార వ్యర్థాలు, ఆకులు, గడ్డి కలిపి మూడో వంతు దాకా ఉంటే, పేద దేశాల్లో సగానికి పైనే. కూరగాయల తొక్కలు కిలో తీసుకుంటే అందులో ముప్పావు వంతుకు పైగా నీళ్లే. మంటలోని వేడి ముందు ఆ నీళ్లను ఆవిరి చేయడానికే పోతుంది. పైగా అట్టలు, గాజు సీసాలు, ఇనుము లాంటివి చెత్త ఏరుకునేవాళ్లు ముందే తీసేస్తారు. వాటిలో బాగా మండేది అట్ట ఒక్కటే, అదీ పోయాక మిగిలేది తడి చెత్త, మట్టి.

నైజీరియాలోని లాగోస్‌లో ఇదే జరిగింది. కోటి డాలర్లతో కట్టిన దహన యంత్రాలకు చెత్తతో పాటు ఇంధనం కూడా పోయాల్సి వచ్చింది. అవి ఎన్నడూ మామూలుగా నడవలేదు. ఒకదాన్ని వదిలేశారు, ఇంకోదాన్ని కమ్యూనిటీ హాలుగా మార్చేశారు!

చెత్త ఫ్రీగా దొరికే ఇంధనం అనుకోవడం దగ్గరే చాలామంది పొరబడతారు. యంత్రం పాతదనో, ఇంజనీర్లు లేరనో సాకులు వెతుకుతారు. నిజానికి చెత్త కోసం వేసే జాతీయ ప్రణాళికలో ముందు రావాల్సింది తడి, పొడి చెత్త వేరుగా సేకరించడం, తడి చెత్తను కంపోస్టుకో బయోగ్యాస్‌కో పంపడం. ఫర్నేస్ సంగతి ఆ తర్వాతే.