సైన్స్ ఫిక్షన్‌లోని అంతరిక్ష సైనికుల్లో నిజమైన సైనికుడిగా అనిపించేది ఎవరు?

ప్రశ్న అడిగినవారు 'హేలో' ఆటలోని మాస్టర్ చీఫ్‌ను, రాబర్ట్ హైన్‌లైన్ నవల 'స్టార్‌షిప్ ట్రూపర్స్'లోని హువాన్ రికోను, 'ఏలియన్స్' సినిమాలోని మెరీన్లను పేర్కొని, వీరిలో ఒకరిని ఎంచుకోమన్నారు. నేను ఈ జాబితా దాటి జో హాల్డెమన్ నవల 'ద ఫరెవర్ వార్'లోని విలియం మాండెల్లాను ఎంచుకుంటాను. భారత సైన్యం సిగ్నల్స్ విభాగంలో రేడియో ఆపరేటరుగా పనిచేసి పదవీ విరమణ పొందినవాడిని కనుక, ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి.

ముందుగా రికో సంగతి చెబుతాను, ఎందుకంటే తర్వాత వచ్చిన అంతరిక్ష సైనికులలో చాలామందికి మూలపురుషుడు అతడే. 1959లో వచ్చిన ఆ నవలలో సైనికుడు యంత్రకవచం తొడుక్కుని, ఆకాశంలోని ఓడ నుంచి ఒక గుళికలాంటి పెట్టెలో ఇమిడి శత్రుగ్రహం మీదికి జారవిడవబడతాడు. ఆ కవచం అతడి కండబలాన్ని ఎన్నో రెట్లు పెంచి, ఇళ్లను దాటేంత ఎత్తుకు ఎగరనిస్తుంది. 1987లో మొదలైన 'వార్‌హామర్ 40,000' ఆటలోని స్పేస్ మెరీన్లు, 2001లో వచ్చిన మాస్టర్ చీఫ్, మధ్యలో వచ్చిన లెక్కలేనంతమంది ఆ కవచానికే మెరుగులు దిద్దుకున్నారు. హైన్‌లైన్ 1929లో అమెరికా నౌకాదళ అకాడమీ నుంచి పట్టా పొంది, క్షయవ్యాధి కారణంగా 1934లోనే కొలువు విడిచిపెట్టవలసి వచ్చినవాడు. సైన్యం మీద ఆయనకున్న ప్రేమ ప్రతి పుటలోనూ కనిపిస్తుంది. క్రమశిక్షణ గురించి, తోటివాడిని వదలి రాకూడదన్న నియమం గురించి ఆయన రాసిన చోట్ల నేను తల వంచుతాను.

అయితే ఆయన సైన్యంలో వంటవాడితో సహా ప్రతి ఒక్కరూ దూకి పోరాడతారు. చదవడానికి గొప్పగా ఉండే ఈ మాటను ఏ సిగ్నల్స్ మనిషీ ఒప్పుకోడు. ముందు వరుసలో నిలబడి కాల్చే ఒక్కడి వెనుక అన్నం వండేవాడు, వాహనం బాగుచేసేవాడు, తూటాలు మోసేవాడు, గాయానికి కట్టు కట్టేవాడు, రాత్రంతా చెవికి హెడ్‌ఫోను తగిలించుకుని కూర్చునేవాడు ఉంటేనే ఆ కాల్చేవాడు మర్నాటి దాకా నిలుస్తాడు. మన సినిమాలలో కూడా సైనికుడంటే తుపాకీ, జెండా, సరిహద్దు తప్ప మరొకటి కనిపించదు. బ్యాటరీలు వీపున మోసుకుని కొండ ఎక్కే మనిషిని కథానాయకుడిగా చూపిన దర్శకుడు ఎవరైనా ఉంటే ఆయనకు నేను స్వయంగా నమస్కరిస్తాను.

సమాచార వ్యవస్థ విషయంలోనైతే ఈ కథలలో అధికభాగం నన్ను బాధపెడతాయి. నక్షత్రాల మధ్య యుద్ధం జరుగుతూ ఉంటుంది, సేనాపతి తన గదిలో కూర్చుని తెర మీద సైనికుడితో ఎదురెదురుగా మాట్లాడుతూ ఉంటాడు. మన చంద్రుడికే రేడియో తరంగం చేరడానికి దాదాపు 1.3 సెకన్లు పడుతుంది. అంగారకుడికైతే, గ్రహాల స్థానాన్ని బట్టి, సుమారు 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. సూర్యుడి తర్వాత మనకు అత్యంత దగ్గరి నక్షత్రం 4.2 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, అంటే అక్కడున్న దళం ఒక సందేహం అడిగితే జవాబు చేరేసరికి ఎనిమిదేళ్లు దాటుతుంది. ఆ ఎనిమిదేళ్లలో ఆజ్ఞ ఇచ్చిన అధికారి, ఆజ్ఞకు కారణమైన ప్రభుత్వం, చివరికి యుద్ధానికి కారణమైన తగాదా కూడా మారిపోవచ్చు. అంతరిక్ష సైనికుడి అసలు కష్టం ఈ దూరంలోనే ఉందని నా దృఢమైన నమ్మకం. కవచం ఎంత బలంగా ఉన్నా ఈ కష్టానికి అది ఏమీ చేయలేదు.

హాల్డెమన్ ఈ దూరాన్నే తన నవలకు వెన్నెముకగా చేసుకున్నాడు. ఆయన భౌతిక, ఖగోళ శాస్త్రాలు చదివి, 1967లో సైన్యంలోకి నిర్బంధంగా తీసుకోబడి, వియత్నాంలో కంబాట్ ఇంజనీరుగా పనిచేసి, 1968లో తీవ్రంగా గాయపడ్డాడు. నవలలో మాండెల్లా కూడా భౌతికశాస్త్ర విద్యార్థి. ఓడలు కాంతివేగానికి చేరువగా ప్రయాణిస్తాయి, అంత వేగంలో కాలం నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి అతడికి నెలలు గడిస్తే భూమి మీద దశాబ్దాలు, ఆ తర్వాత శతాబ్దాలు గడుస్తాయి. శిక్షణ కేరన్ అనే గడ్డకట్టిన లోకంలో జరుగుతుంది. అక్కడ సైనికుడి వీపు మీద, సూటులోని వేడిని బయటికి పంపే రెక్కలు ఉంటాయి. వాడు వెల్లకిలా పడి ఆ రెక్కలు మంచునేలకు తగిలితే, మంచు ఒక్కసారిగా ఆవిరై పేలుతుంది. సైనికుడిని శత్రువు కంటే ముందు అతడి సామానే చంపగలదని తెలిసిన రచయిత మాత్రమే ఇలా రాయగలడు. సిక్కిం ఉత్తర సరిహద్దులో మేము రేడియో సెట్టు బ్యాటరీలను చలికి చచ్చిపోకుండా స్లీపింగ్ బ్యాగులో మా పక్కనే పడుకోబెట్టుకునేవాళ్లం. చేతితొడుగు తీసి లోహాన్ని ముట్టుకున్న కొత్త కుర్రవాడి వేలి చర్మం దానికే అంటుకుపోయేది. అందువల్ల కేరన్ అధ్యాయం నాకు కల్పనలా తోచలేదు.

నేను ఈ నవలను అంతగా పట్టుకోవడానికి 2016లో జరిగిన ఒక సంఘటన ముఖ్య కారణం. ఆ సంవత్సరం నవంబర్ 8 రాత్రి 500, 1000 రూపాయల నోట్లు రద్దయిన వార్త మా పోస్టుకు రేడియోలో చేరింది. సెలవు మీద కిందికి దిగే వంతు నాది కావడంతో, తోటివారు తమ దగ్గరున్న పాత నోట్లను విడివిడిగా కాగితాలలో చుట్టి, ఒక్కొక్క పొట్లం మీద పేరు, ఖాతా సంఖ్య, మొత్తం రాసి నా ట్రంకులో పెట్టారు. నాయక్ హోదాలో ఉన్న ఒక పంజాబీ సైనికుడు ఇచ్చిన పొట్లంలో ఆరు నోట్లు ఉన్నాయి, అవి చెల్లెలి పెళ్లి చీరకోసం దాచుకున్నవి. దారిలో మంచు పడి ఆలస్యమై, నేను కొండ దిగి రైల్వే స్టేషనుకు చేరేసరికి నెలాఖరు అయింది. టీ అమ్మే అబ్బాయి నా చేతిలోని 500 నోటును తాకనైనా తాకకుండా, బండికి అంటించిన నలుపు తెలుపు గళ్ల బొమ్మను చూపి ఫోనుతో చెల్లించమన్నాడు. నా దగ్గర ఉన్నది మీటల ఫోను.

ఇంటికి చేరిన మర్నాడే బామ్మర్దిని వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్లాను. వరుసలో ఉన్న రైతులు, కూలీలు, పింఛను తీసుకునే ముసలమ్మలు అందరూ ఏ కౌంటరులో ఏ ఫారం ఇవ్వాలో, రోజుకు ఎంత తీసుకోనిస్తారో పాఠంలా అప్పజెబుతున్నారు. పొట్లాలు విప్పి మార్చి ఇమ్మని అడగబోతూ ఉంటే బామ్మర్ది నా చేయి పట్టుకుని, "బావా, అది పోయిన వారం రూలు. ఇప్పుడు మార్చరు, ఖాతాలో వేసుకోవాల్సిందే" అన్నాడు. పదో తరగతి తప్పిన ఆ కుర్రవాడు నాకు నా దేశపు డబ్బు గురించి ఎంతో ఓపికగా వివరించాడు. నేను కాపలా కాస్తున్న దేశం, నేను కాపలా కాస్తున్న సమయంలోనే, నన్ను అడగకుండా కొత్త అలవాట్లు నేర్చుకుంది. మొత్తాన్ని నా ఖాతాలో జమచేసి, కాగితాల మీది పేర్ల ప్రకారం ఎవరి సొమ్ము వారికి పంపించాను.

తర్వాత కొన్నాళ్లకు హైదరాబాదులో ఆదివారం నాడు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఈ నవల దొరికింది. మొదటి దాడుల నుంచి మాండెల్లా భూమికి తిరిగి వచ్చేసరికి అతడు విడిచి వెళ్లిన డబ్బే లేదు, ప్రపంచమంతా క్యాలరీలనే నాణెంగా వాడుతూ ఉంటుంది. ఆ పుట దగ్గర నేను పుస్తకం మూసి చాలాసేపు ఊరుకున్నాను. బయట యుద్ధాన్ని వర్ణించగలవారు చాలామంది ఉన్నారు, కానీ సెలవు మీద వచ్చిన సైనికుడు చిల్లర లెక్కపెట్టుకోలేక నిలబడే క్షణాన్ని వర్ణించినవాడిని హాల్డెమన్ ఒక్కడినే చూశాను. అక్కడితో ఆగకుండా, ముసలివాళ్లకు వైద్యం నిరాకరించే ప్రభుత్వ విధానం వల్ల మాండెల్లా తల్లి చికిత్స అందక చనిపోతుంది. కొడుకు సంవత్సరాల తరబడి కాపాడిన సమాజమే తల్లికి మందు ఇవ్వదు. ఈ భాగం మరీ నిరాశాజనకంగా ఉందని 'అనలాగ్' అనే సైన్స్ ఫిక్షన్ పత్రిక సంపాదకుడు బెన్ బోవా దానికి బదులు వేరే భాగం రాయించి ప్రచురించాడు. సంపాదకుడిగా ఆయన గొప్పవాడే అయినా ఈ నిర్ణయాన్ని నేను సమర్థించలేను. సైనికుడి కథలో ఇంటికి రావడాన్ని మెత్తబరిస్తే మిగిలేది మళ్లీ కవచమే.

యుద్ధం వెయ్యి సంవత్సరాలకు పైగా సాగుతుంది. అది ఆగిపోయే తీరు, సిగ్నల్స్ మనిషిగా, నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. మనుషులకూ శత్రువులైన టారన్లనే గ్రహాంతరవాసులకూ మధ్య మొదటి నుంచీ సంభాషణ సాధ్యపడలేదు. కాలక్రమంలో మానవజాతి కూడా వారిలాగే ఒకే అచ్చులోని మనుషులుగా మారిన తర్వాత మాత్రమే మాట కలుస్తుంది, మాట కలిసిన వెంటనే యుద్ధం ఎవరు మొదలుపెట్టారన్న ప్రశ్నకు అవతలివారు తాము కాదంటారు. లక్షల ప్రాణాలు పోయింది ఒక సంకేతం అందకపోవడం వల్లనే. ఇది నవల ముగింపులో వచ్చే విషయమే అయినా, తెలిసి చదివితే మొదటి దాడి అధ్యాయం మరింత భయంకరంగా ఉంటుంది కాబట్టి చెప్పడానికి సంకోచించలేదు.

చదవాలనుకునేవారు తల్లి మరణం ఉన్న, రచయిత తన మొదటి రూపాన్ని తిరిగి చేర్చిన ప్రతినే తీసుకోండి. పాత ముద్రణలు ఫుట్‌పాత్‌ల మీద ఎక్కువగా దొరుకుతాయి, వాటిలో ఆ భాగం ఉండదు. కొనేముందు పుస్తకం మొదట్లో రచయిత రాసిన మాటను చూస్తే అది ఏ ప్రతో తెలిసిపోతుంది.