టెన్వెక్ వెళ్తున్న మా మేనకోడలికి

అమ్మలూ,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. కెన్యాలో టెన్వెక్ మిషన్ హాస్పిటల్ నుంచి ఓకే వచ్చిందని అంత హుషారుగా చెప్తుంటే నాకూ చాలా ఆనందమేసింది గానీ చివర్లో ఒక మాట అన్నావు చూడు, "ఇక్కడ వైజాగ్ కేజీహెచ్‌లో హౌస్ సర్జన్సీ అంతా సీనియర్లు ఆపరేషన్ చేస్తుంటే కోతని తెరిచి ఉంచే రిట్రాక్టర్ పట్టుకోడంతోనే సరిపోయింది అత్తా, అక్కడైతే మనచేత చేయిస్తారంట" అని, నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను. అందుకే ఫోన్ చెయ్యకుండా కూర్చుని టైప్ చేస్తున్నా, తీరిగ్గా చదువుకో.

నిజమే, చేయిస్తారు. మిషన్ హాస్పిటల్‌లో చేతులు తక్కువ, జనం ఎక్కువ, రాత్రి రెండింటికి నిన్ను లేపి "నువ్వు చెయ్యగలవా" అని అడిగే రోజు తప్పకుండా వస్తుంది. అప్పుడు నీకు నువ్వు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే, ఇదే పేషెంటు మన పెందుర్తి నుంచో పాడేరు నుంచో వచ్చుంటే, పక్కన సీనియర్ లేకుండా నన్నిది చెయ్యనిచ్చేవారా అని. చెయ్యనివ్వరు అనిపిస్తే అక్కడా చెయ్యకు, సీనియర్‌ని లేపు, నిద్ర చెడగొట్టానని మొహమాటపడకు. పేదదేశం కదా, మనం చేసిందే ఎక్కువ అనే ఆలోచన ఎంత మంచి పిల్లలకైనా వచ్చేస్తుందే, నాకూ వచ్చింది.

నేను 1999లో వెళ్ళినప్పుడు పీజీ అప్పుడే అయ్యింది, కెన్యా కొండల్లోనే వేరే మిషన్ ఆసుపత్రి. ఆ ప్రాంతమంతా అన్నవాహిక కాన్సర్ చాలా ఎక్కువ, ఇప్పుడు నువ్వెళ్ళే బోమెట్‌లో కూడా అదే, రోజూ చూస్తావు. మొదటి వారంలో ఒక ముసలాయన వచ్చాడు, బాగా చిక్కిపోయి ఉన్నాడు, పాత కోటు వేసుకుని మంచం అంచున నిటారుగా కూర్చున్నాడు. నాకు అప్పటికి నాలుగు స్వాహిలీ ముక్కలు వచ్చు. నీళ్ళు దిగుతున్నాయా అంటే "న్దియో" అన్నాడు, అంటే అవును. టీ తాగుతున్నారా అంటే మళ్ళీ న్దియో, నవ్వుతూ. నేను కేస్ షీట్‌లో లిక్విడ్స్ తీసుకుంటున్నాడు అని రాసేసి పక్క మంచానికి వెళ్ళిపోయాను. సాయంత్రం వార్డు సిస్టరు నన్ను పిలిచి ఏమీ అనకుండా ఆయన మంచం కింద నుంచి ఒక రేకు డబ్బా తీసి చూపించింది. సగం దాకా ఉమ్ము. సొంత ఉమ్మే మింగుడు పడట్లేదు, గంట గంటకీ డబ్బాలో ఉమ్ముకుంటున్నాడు, ఆయనకి స్వాహిలీ అంతంతమాత్రం, వాళ్ళ ప్రాంతం భాష కిప్సిగిస్ మాత్రమే మాట్లాడతాడు, డాక్టరమ్మ అడిగిందని మర్యాదకి అవునన్నాడు. పొద్దుటి నుంచి ఒక్క చుక్క లోపలికి పోలేదు, నేను సెలైన్ కూడా రాయలేదు. సిస్టరే పెట్టించింది. మర్నాడు ఎండోస్కోపీలో సన్నబడిన చోట గొట్టం వేసారు, ఆ తర్వాత ఆయన కప్పు పట్టుకుని పల్చటి జావ తాగుతుంటే నేను గుమ్మం దగ్గర నించుని చూసాను. దాన్ని వాళ్ళు ఉజి అంటారు, మన గంటి అంబలి లాంటిదే.

కాబట్టి తల్లీ, నర్సుల్ని పట్టుకో. వెళ్ళిన రోజే మంచి ఇంగ్లీషూ కిప్సిగిస్ రెండూ వచ్చిన సిస్టర్ ఎవరో చూసుకుని రౌండ్స్‌లో ఆవిడ పక్కనే నడువు. కిప్సిగిస్‌లో "చామ్‌గేయ్" అంటే మన నమస్కారంలాగ, అది ముందు నేర్చుకో. స్వాహిలీలో నొప్పి అంటే మౌమివు, అయ్యో పాపం అనడానికి పోలే. స్వాహిలీ నీకు అంత కష్టం కాదులే, చాయ్ చాయే, చపాతీ చపాతీయే, దుకాణాన్ని డుకా అంటారు, ఇన్సూరెన్స్‌ని బీమా అంటారు, నేనైతే మొదటిసారి విని నవ్వుకున్నాను.

ఇంకో సంగతి, అక్కడ క్లినికల్ ఆఫీసర్లని ఉంటారు, ఎంబీబీఎస్ కాదు, మూడేళ్ళ డిప్లొమా, కానీ వాళ్ళు చూసినన్ని కేసులు నువ్వు చూసుండవు. 1923లో పెట్టిన ఆంధ్రా మెడికల్ కాలేజీ పిల్లనని నీకు లోపల గర్వం ఉంటుంది, ఉండనీ, ఉండాలి కూడా, ఏజెన్సీ నుంచి వచ్చిన సెరిబ్రల్ మలేరియాలూ సికిల్ సెల్ పిల్లల్నీ చూసిన కళ్ళు నీవి, అవి అక్కడ బాగా పనికొస్తాయి. కానీ వాళ్ళ ముందు స్టూడెంట్‌లాగే నించో. టెన్వెక్‌లో ఇప్పుడు కెన్యా సర్జన్లే ట్రైనింగ్ అయ్యి బయటికొస్తున్నారు, తెల్లవాళ్ళు చేసే ఆసుపత్రి అనుకుని వెళ్ళకు.

టెస్టులు రాసేటప్పుడు జాగ్రత్త. కేజీహెచ్‌లో ఎక్స్‌రే రాసేస్తే అయిపోద్ది, మిషన్ హాస్పిటల్ అంటే ఫ్రీ అనుకుంటారు మనవాళ్ళు, కాదు, బిల్లుంటుంది. బీమా ఉన్నవాళ్ళకి కొంత పోతుంది, లేనివాళ్ళు ఆవుని అమ్ముకుంటారు, లేదంటే చుట్టాలూ ఊరివాళ్ళూ హరాంబే అని చందాలు పోగేస్తారు. నువ్వు "ఎందుకైనా మంచిది" అని రాసే ప్రతి టెస్టూ ఆ డబ్బుల్లోంచే.

ప్రార్థన గురించి మీ నాన్న కంగారుపడుతున్నాడు, నాతో అన్నాడు. కోత పెట్టేముందు థియేటర్‌లో ఎవరో ఒకరు ప్రార్థన చేస్తారు, అందరూ తల వంచుకుంటారు, నువ్వూ వంచుకో, నీ వెంకన్నని నువ్వు తల్చుకో. నిన్ను చెయ్యమంటే మాత్రం నాది వేరే నమ్మకం అని చక్కగా చెప్పు, నటించకు, నాకు తెలిసి ఎవరూ తప్పుపట్టరు. మీ నాన్నకి చెప్పు, మన నాయనమ్మకి మూడో కాన్పు పిఠాపురం మిషన్ ఆస్పత్రిలోనే అయ్యింది, గుంటూరులో కుగ్లర్ డాక్టరమ్మ 1883లో అమెరికా నుంచి వచ్చి ఆడవాళ్ళకి వైద్యం మొదలుపెట్టింది, మన ఆడవాళ్ళు ఎంతమంది ఆ చేతుల మీద బతికారో. ఇప్పుడు మనింటి పిల్ల ఇంకో దేశంలో అలాంటి చోట పనిచేస్తోందంటే నాకు భలే తృప్తిగా ఉంది, అబద్ధం కాదు.

కాగితాల పని త్వరగా కానియ్. ఎల్లో ఫీవర్ టీకా మన పోర్ట్ హెల్త్ ఆఫీసులో వేస్తారు, ఏ రోజుల్లో వేస్తారో ముందే కనుక్కో, వేసిన పదో రోజు నుంచే కార్డు చెల్లుతుంది, అది లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే ఎయిర్‌పోర్టులోనే పట్టుకుని ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు. వీసా బదులు ఇప్పుడు ఈటీఏ అని ప్రయాణ అనుమతి ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, 2024 నుంచి అదే. వాళ్ళ మెడికల్ కౌన్సిల్ అనుమతి కాగితం చేతికొచ్చేదాకా పేషెంటు మీద చెయ్యి వెయ్యకు, ఎవరు పర్లేదన్నా సరే. సూది గుచ్చుకుంటే దాచకు, సిగ్గుపడకు, సబ్బుతో కడిగి వెంటనే చెప్పు, హెచ్‌ఐవీ మందు 72 గంటల్లోపు మొదలెట్టాలి, ఎంత తొందరగా అయితే అంత మంచిది, 28 రోజులు మానకుండా వేసుకోవాలి. పేషెంట్ల ఫొటోలు ఇన్‌స్టాలో పెట్టావో, నేనే ఫోన్ చేసి తిడతాను.

తలకి కట్టుకునే లైటు ఒకటి, పల్స్ ఆక్సీమీటర్ ఒకటి పట్టుకెళ్ళు. అక్కడ నది మీద జలపాతం ఉంది, ఆసుపత్రికి దాంతోనే సొంత కరెంటు, మనకి సీలేరు ఎలాగో అలాగ, అయినా లైటు ఉండనీ. ఆవకాయ గట్టిగా ప్యాక్ చెయ్యి, వాళ్ళ మొక్కజొన్న పిండి ముద్ద ఉగాలిలోకి బాగుంటుంది. చలి మాత్రం తక్కువ అంచనా వెయ్యకు, ఆఫ్రికా అంటే ఎండ అనుకుని ఒక్క స్వెట్టరు లేకుండా వెళ్ళాను నేను, అది రెండు వేల మీటర్ల ఎత్తు, రాత్రి డ్యూటీలో లంబసింగి గుర్తొస్తుంది. నా ఊలు స్వెట్టరు బీరువాలోనే ఉంది, నీకు చేతులు కొంచెం పొడుగవుతాయి, మడుచుకో. ఆదివారం పొద్దున్న ఎంవీపీ కాలనీకి వచ్చి టిఫిన్ తిని పట్టుకెళ్ళు.

మీ అత్త