పగిలిన స్పీకర్ మాగ్నెట్ ముక్కలు ఎందుకు నెట్టుకుంటున్నాయి? మాగ్నెట్ పవర్ అయిపోతుందా?

పరకాల నుంచి అడిగిన అన్నా, మీరు ఒకటే అడిగారు గానీ అందులో నాలుగు ప్రశ్నలున్నాయి. స్పీకర్ కింద పడి రింగ్ మాగ్నెట్ రెండు ముక్కలైంది, అతికించబోతే ముక్కలు నెట్టుకుంటున్నాయి, పాడైందా అన్నది మొదటిది. మాగ్నెట్ పవర్ ఎన్నేళ్లకు అయిపోతుందన్నది రెండోది. కొన్ని స్టీలు గిన్నెలకు అంటుకుని కొన్నింటికి ఎందుకు అంటుకోదు, మాగ్నెట్‌తో బంగారం పరీక్ష చేయొచ్చా అన్నవి మిగతా రెండు. హన్మకొండలో మాది మోటార్ వైండింగ్, స్పీకర్ రిపేర్ షాపు. రోజూ చేతిలో ఉండే వస్తువే కాబట్టి తెలిసింది చెప్తా.

పాడవలేదు. ఆ నల్ల రింగును ఫెర్రైట్ అంటారు. ఐరన్ ఆక్సైడ్‌లో స్ట్రాన్షియమో బేరియమో కలిపి, అచ్చులో నొక్కి, బట్టీలో కాల్చి చేస్తారు. అందుకే గట్టిగానే ఉంటుంది గానీ కింద పడితే పుటుక్కున పగులుతుంది. రింగులో ఒక సగం ఉత్తర ధ్రువం, ఇంకో సగం దక్షిణ ధ్రువం అనుకుంటారు చాలామంది. స్కూల్ పుస్తకంలో కడ్డీ బొమ్మ చూసిన అలవాటు అది. స్పీకర్ రింగులో అలా ఉండదు. పైముఖమంతా ఒక ధ్రువం, కింది ముఖమంతా రెండోది. ఇప్పుడు రెండు ముక్కల్ని పగుళ్లు కలిసేలా పక్కపక్కన పెట్టండి. ఉత్తరం పక్కన ఉత్తరం, దక్షిణం పక్కన దక్షిణం వస్తాయి. నెట్టుకోక ఏం చేస్తాయి? ఒక ముక్కను బోర్లా తిప్పి పెడితే టక్కున అతుక్కుంటాయి, కానీ రింగు రాదు. ఫ్యాక్టరీల్లో ఎక్కువగా స్పీకర్‌కు బిగించాకే దాన్ని మాగ్నెట్‌గా మారుస్తారు కాబట్టి వాళ్లకు ఈ కుస్తీ ఉండదు.

అతికించాలనే ఉంటే మందపాటి ఇనుప రేకు మీద రెండు ముక్కల్నీ ఒకే ముఖం పైకి ఉండేలా పెట్టి, రేకుకు అతుక్కున్నాక మెల్లగా దగ్గరకు జరపండి. రేకు పట్టి ఉంచుతుంది, నెట్టుడు కూడా తగ్గుతుంది. పగులులో ఆరల్డైట్ గమ్ పెట్టి రాత్రంతా వదిలేయండి. స్పీకర్ మళ్లీ బాగా మోగుతుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. వాయిస్ కాయిల్, అంటే స్పీకర్ అట్టకు అతికిన రాగి తీగ చుట్ట, పైకీ కిందికీ ఆడే సందు చాలా సన్నది. మాగ్నెట్ మీది ఇనుప ప్లేటు వెంట్రుకంత జరిగినా కాయిల్ రాసుకుని గరగరమంటుంది. నన్నడిగితే ముక్కల్ని మీ పిల్లాడికి ఆడుకోవడానికివ్వండి, స్పీకర్ కొత్తది తీసుకోండి.

ఇక పవర్ సంగతి. మాగ్నెట్ లోపల నింపి పెట్టిందేమీ లేదు, ఖర్చయిపోవడానికి. ఎలక్ట్రాన్‌కు స్పిన్ అనే గుణం ఉంది, దానివల్ల ప్రతి ఎలక్ట్రానూ ఒక బుల్లి మాగ్నెట్టే. చాలా పదార్థాల్లో అవి జతలుగా ఉండి ఒకదాని ప్రభావాన్ని ఇంకోటి కొట్టేస్తుంది. ఇనుము, నికెల్, కోబాల్ట్‌లలో జత లేనివి మిగులుతాయి, పైగా పక్కపక్క పరమాణువులు ఒకే దిక్కుకు తిరిగి గుంపు కడతాయి. ఆ గుంపును డొమైన్ అంటారు. మామూలు మేకులో ఏ గుంపు దిక్కు దానిదే. మేడారం జాతరలో చూడండి, ఒక ఊరివాళ్లు జంపన్నవాగు వైపు, ఇంకో ఊరివాళ్లు వంట దగ్గర, ఇంకొందరు బండ్ల దగ్గర ఉంటారు. సమ్మక్కను గద్దె మీదికి తెచ్చే వేళకు అందరి మొహాలూ అటే తిరుగుతాయి. మేకు దగ్గరికి మాగ్నెట్ తెస్తే లోపల జరిగేదీ అదే. మాగ్నెట్ తీసేస్తే మెత్తని ఇనుములో డొమైన్లు మళ్లీ దాదాపు ఎటువాళ్లటే. ఫెర్రైట్‌లో, నియోడైమియం అనే లోహం కలిపిన మాగ్నెట్‌లో మాత్రం ఒకసారి తిరిగినవి అలాగే నిలబడిపోతాయి. ముక్కలు చేసినా ప్రతి ముక్కలోనూ అదే వరస ఉంటుంది కాబట్టే ఒక్క ధ్రువమే ఉన్న ముక్క ఎవరికీ దొరకలేదు.

వరస చెదిరితేనే పవర్ పోతుంది. చెదరగొట్టేది ముఖ్యంగా వేడి, లేదా ఎదురు దిక్కున పెట్టిన ఇంకో బలమైన మాగ్నెట్. వరస పూర్తిగా చెదిరిపోయే వేడి హద్దు ఇనుముకు 770 డిగ్రీలు, ఫెర్రైట్‌కు దాదాపు 450. కమ్మరి కొలిమిలో ఇది కళ్లారా చూశా. ఎర్రగా కాలిన కడ్డీ పక్కన తీగకు వేలాడదీసిన మాగ్నెట్ పట్టుకుంటే అసలు కదల్లేదు. కడ్డీ ఎరుపు మందగించేసరికి తీగ నెమ్మదిగా అటు వంగి, మాగ్నెట్ ఒక్కసారిగా దూకబోయింది. 1980ల్లో వచ్చిన నియోడైమియం మాగ్నెట్లు బలంలో వీటన్నిటి తాత, వేడికి మాత్రం సుకుమారం. మామూలు గ్రేడు 80 డిగ్రీలు దాటితే శాశ్వతంగా కొంత బలం పోగొట్టుకుంటుంది. సోల్డరింగ్ ఐరన్ పెట్టి వాటిని ఊడదీద్దామని చూడకండి. వేడి తగలకపోతే మీ ముక్కలు మీ మనవళ్ల దాకా పనిచేస్తాయి.

మాగ్నెట్ ఫ్రిజ్ తలుపుకు ఏళ్ల తరబడి అతుక్కుని ఉంది, ఆ శక్తి ఎక్కడి నుంచి వస్తోందని కూడా కొందరు అడుగుతారు. కదలిక లేనిచోట పని జరగదు, శక్తి ఖర్చూ ఉండదు. మాగ్నెట్లు పెడితే కరెంటు లేకుండా తిరిగే ఫ్యాన్ వీడియోలు పట్టుకుని అలాంటిది చేసిపెట్టమని మా షాపుకు వచ్చేవాళ్లున్నారు. దగ్గరికి లాక్కునేటప్పుడు ఇచ్చింది, దూరం జరిపేటప్పుడు తిరిగి వసూలు చేసుకుంటుంది. ఎక్కడో బ్యాటరీ దాచి ఉంటుంది, వెతకండి.

మీవాడికి మాగ్నెట్లు కావాలంటే పాత సీలింగ్ ఫ్యాన్, మిక్సీ విప్పొద్దు. వాటిలో కాయిల్సే ఉంటాయి, శాశ్వత మాగ్నెట్ ఉండదు. కరెంటు తక్కువ తీసుకునే బీఎల్‌డీసీ ఫ్యాన్, బొమ్మ కారు మోటారు, పాత హార్డ్ డిస్క్, ఇయర్‌ఫోన్, ఫ్రిజ్ తలుపు రబ్బరు, వీటిలో ఉంటుంది.

స్టీలు గిన్నెలకు వద్దాం. 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ కలుపుతారు. నికెల్ తనంతట తాను మాగ్నెట్‌కు అంటుకునేదే, కానీ అది కలిసేసరికి ఇనుప పరమాణువుల అమరిక మారి ఆ స్టీలు అంటుకోదు. నికెల్ దాదాపు లేని 430 రకం అంటుకుంటుంది. మీ గ్లాసు అంచుకు కొద్దిగా అంటుకుని అడుగుకు అంటుకోకపోతే కంగారొద్దు. వంచి సాగదీసిన చోట 304 కూడా కొంచెం మారుతుంది. అంటుకోకపోతే మంచి స్టీలని చెప్పే దుకాణదారు మాట సగమే నిజం, చవక 200 సిరీస్ కూడా అంటుకోదు. ఇండక్షన్ స్టవ్‌కు గిన్నె కొనేటప్పుడు మాత్రం మాగ్నెట్ జేబులో పెట్టుకుపోండి, అడుగుకు గట్టిగా అంటుకునేదే తీసుకోండి.

బంగారం అంటుకోదు. ఇత్తడి, రాగి, వెండి కూడా అంటుకోవు. అంటే ఈ పరీక్షలో పాసయినంత మాత్రాన బంగారం కాదు. గొలుసు కొక్కెం ఒక్కటే అంటుకుంటే లోపల స్టీలు స్ప్రింగ్ ఉండొచ్చు, దానికే నకిలీ అని అరవొద్దు. హాల్‌మార్క్‌తో పాటు నగ మీద ఉండే హెచ్‌యూఐడీ, అంటే అక్షరాలూ అంకెలూ కలిపి ఆరుండే గుర్తింపు నంబరు, చూసుకోవడమే దారి. ఇదే ఊపులో ఇంకోటి: బోరు నీళ్ల పైపుకు మాగ్నెట్ కడితే ఉప్పు తగ్గుతుందని అమ్ముతున్నారు. మాగ్నెట్ నీళ్లలోంచి ఆ ఉప్పును, అంటే కాల్షియం లాంటివాటిని, తీసేయదు. మోకాళ్ల నొప్పికి అమ్మే మాగ్నెట్ బెల్టులదీ అంతే. రక్తంలో ఇనుము ఉన్న మాట నిజమే గానీ, అది మేకులోలాగా గుంపు కట్టిన ఇనుము కాదు.

సెలవులో మీవాణ్ని ఏదైనా వాగు దగ్గరికి తీసుకెళ్లండి. వాన వెలిశాక ఇసుకలో నల్లని చారలు కనిపిస్తాయి. మాగ్నెట్‌ను పాలిథిన్ కవర్లో చుట్టి అందులో ఈడిస్తే మీసాల్లా నిక్కబొడుచుకుని నల్ల రేణువులు పట్టుకుంటాయి. చాలావరకు అది మాగ్నెటైట్, ఇనుప ఖనిజం. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు పేరుమోసిన ఉక్కు చేసిన గడ్డ ఇది, ఇసుకలో ఇనుము దొరకడం వింతేమీ కాదు. కవర్ మరిచిపోతే ఆ రేణువులు ఊడదీయడానికి మీ ఆదివారం సరిపోదు.

చివరిగా, పూసల్లాంటి చిన్న నియోడైమియం మాగ్నెట్లు చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దే వద్దు. రెండు మింగితే పేగు మడతల్ని మధ్యలో పెట్టి అవి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, పేగుకు చిల్లు పడుతుంది. మింగినట్టు అనుమానం వచ్చినా, బిడ్డ హుషారుగానే ఉన్నా, అరటిపండు పెట్టి ఎదురుచూడకుండా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో దగ్గర్లోని పెద్దాసుపత్రికో తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే పెద్ద మాగ్నెట్లను వాళ్ల ఛాతీ దగ్గరికి రానివ్వొద్దు.